అరిసె తగిలితే డైట్ మైలపడదు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 36, ఎత్తు 160 సెంటీమీటర్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నవంబర్ మొదట్లో 78 కిలోలు ఉండి, పంచదార, అన్నం, నూనె, మైదా అన్నీ మానేసి కొర్రలు, ఉడకబెట్టిన కూరలు, సలాడ్లతో సంక్రాంతికి 71.4కి వచ్చారు. పండక్కి పాలకొల్లులో అమ్మగారింటికి వెళ్ళి మొదటిరోజు ఒక్క అరిసె అనుకుని తిన్నారు, అది అయిదయింది, తర్వాత మూడురోజులూ ఆగలేదు. తిరిగొచ్చి మిషన్ ఎక్కితే 73.6. ఆ కోపంలో ఇంకో ఆరురోజులు దొరికిందల్లా తిన్నారు. మీవారేమో రోజూ కొంచెం తింటే ఏమీ కాదంటున్నారు, జిమ్ ట్రైనర్ ఏమో తగ్గేదాకా ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టొద్దంటున్నారు, ఎవరి మాట వినాలి అని మీ ప్రశ్న.

నేను పదిహేడేళ్ళుగా రాజమండ్రిలో డైటీషియన్‌గా చేస్తున్నాను. ఏటా జనవరి చివరివారంలో ఇదే ప్రశ్న పట్టుకుని కనీసం పదిమంది వస్తారు, కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు కూడా, కాబట్టి మీరు ఒంటరి కాదని ముందు నమ్మండి. ఇద్దరిదీ సగం సగం నిజమే. ఏ సగం ఎవరిదో చెప్తాను కానీ, దానికంటే ముందు ఆ మిషన్ లెక్క తేల్చేద్దాం, ఎందుకంటే మిమ్మల్ని పడగొట్టింది అరిసె కాదని నాకనిపిస్తోంది, 73.6 అన్న ఆ అంకె.

ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే ఖర్చయ్యేదానికంటే సుమారు 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. పండగ మూడురోజులూ మీరు రోజుకి 1,200 ఎక్కువే తిన్నారనుకుందాం (అరచేయంత అరిసె, బాగా నొక్కి నూనె తీసిందైతే 180 నుంచి 200 ఉంటుంది, సరిగ్గా నొక్కకపోతే ఇంకా ఎక్కువే, పైన గారెలు, పునుగులు కూడా వేసుకున్నాను). మొత్తం 3,600, అంటే అరకిలో కొవ్వు కూడా కాదు. మరి మిషన్ 2.2 ఎందుకు చూపించింది? రెండునెలలుగా అన్నం, తీపి లేక ఖాళీ అయిపోయిన కండరాలు, లివర్ పిండిపదార్థం దొరకగానే దాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి, ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్ళు కూడా పట్టి ఉంటాయి. పండగ వంటల్లో ఉప్పు ఎక్కువ, అది ఇంకొంచెం నీళ్ళు పడుతుంది. కడుపులో ఉన్న తిండి బరువు సరేసరి. అంటే ఆ 2.2లో కిలోన్నర పైన నీళ్ళూ, తిండీ, మామూలు తిండిలో పడితే వారం పదిరోజుల్లో దానంతటదే దిగిపోయేది. ఆడవాళ్ళకి నెలసరి ముందు కూడా ఇలాగే కిలో కిలోన్నర పెరిగినట్టు కనిపిస్తుంది, మీ తేదీలు కూడా ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు తర్వాతి ఆరురోజుల సంగతి చూడండి. రోజుకి 600 చొప్పున ఎక్కువ తిన్నా ఇంకో 3,600. పండగ మూడురోజులూ ఎంత నష్టం చేశాయో, పండగ అయిపోయాక వచ్చిన కోపం అంతే నష్టం చేసింది, అందులో పండగ లేదు, అమ్మ చేతి వంట లేదు, డెలివరీ యాప్‌లో తెప్పించుకున్న బిర్యానీ, ఫ్రిజ్‌లో ఉన్న కేకు, రాత్రి పదకొండింటికి బిస్కెట్ ప్యాకెట్ (మీరు రాసినవే).

మా నాయనమ్మ మడి కట్టుకుని వంట చేసేది. మేం పిల్లలం ఆడుకుంటూ పొరపాటున ఆవిడ కొంగు తగిలామంటే చాలు, మళ్ళీ స్నానం, మళ్ళీ తడిబట్ట ఆరేదాకా ఆగడం, వంట మొదటికి రావడం. ఆ పద్ధతి మంచిచెడ్డలు నేను మాట్లాడను కానీ మనవాళ్ళు క్లీన్ ఈటింగ్‌ని (పంచదార, మైదా లాంటివి అసలు ముట్టకూడదనే పద్ధతిని) సరిగ్గా ఆ మడిలాగే పాటిస్తున్నారని నాకు ఎన్నోసార్లు అనిపించింది. ఒక్క అరిసె తగిలిందంటే మడి చెడిపోయింది, ఇంక ఇవాళ్టికి ఏం తిన్నా ఒకటే, మళ్ళీ సోమవారం స్నానం చేసి మొదలుపెడదాం. ఈ ఆలోచనంతా "ఎలాగూ" అన్న ఒక్క మాటలో ఉంటుంది. ఎలాగూ తిన్నాను కదా, ఎలాగూ ఇవాళ పాడైంది కదా. నా దగ్గరికి వచ్చేవాళ్ళకి మొదట నేను మాన్పించేది ఆ మాట, తీపి తర్వాతి సంగతి.

ఇది మన బలహీనత అనుకోకండి, అందరికీ ఉన్నదే. 1975లో అమెరికాలో హెర్మన్, మాక్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ అమ్మాయిలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత రుచి చూసి చెప్పండని ఐస్‌క్రీమ్ పెట్టారు. మామూలుగా తినేవాళ్ళు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు, కడుపు నిండింది కదా. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవాళ్ళు మాత్రం మిల్క్‌షేక్ తాగితే, తాగనప్పటికంటే ఐస్‌క్రీమ్ ఎక్కువ తిన్నారు! గీత దాటామని తెలిశాక వాళ్ళని ఆపేది ఏదీ లేకుండా పోయింది. మీ మొదటి అరిసె, తర్వాతి నాలుగు అరిసెలు సరిగ్గా ఇదే.

అయితే ట్రైనర్ గారి మాటలో సగం నిజం ఉందన్నాను, అది కూడా వినండి. 2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి రెండువారాలు ప్యాకెట్ తిండి, రెండువారాలు మామూలుగా వండిన తిండి పెట్టింది. వడ్డించినదాంట్లో కేలరీలు, పంచదార, కొవ్వు, పీచు రెండిట్లోనూ సమానంగా చూశారు, మీకు కావాల్సినంత తినండి అన్నారు. ప్యాకెట్ తిండి వారాల్లో వాళ్ళు రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, కిలో దగ్గర బరువు పెరిగారు, వండిన తిండి వారాల్లో దాదాపు అంతే తగ్గారు. ఎవరూ ఎవర్నీ బలవంతం చెయ్యలేదు. కాబట్టి రోజువారీ తిండి అంతా అన్నం, పప్పు, కూర, పెరుగు, గుడ్డు, చేప, పళ్ళు, ఇలా ఇంట్లో వండింది ఉండాలన్న మాటకి తిరుగులేదు. ఆకలి దానంతటదే అదుపులో ఉండేది అలాంటి తిండితోనే. ఆ పునాది లేకుండా "మితంగా తింటున్నా" అంటే అది గాల్లో కట్టిన ఇల్లు. చిప్స్ ప్యాకెట్ విప్పి నాలుగు తిని మడతపెట్టి లోపల పెట్టేసేవాళ్ళని నా పదిహేడేళ్ళలో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఇంక మీవారి మాట. కొంచెం తింటే ఏమీ కాదు, నిజమే, కానీ ఆ "కొంచెం"కి కొలత లేదు, అదే దాంతో వచ్చిన చిక్కు. 2010లో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో న్యూట్రిషన్ ప్రొఫెసర్ మార్క్ హాబ్ పదివారాలపాటు ఎక్కువగా ట్వింకీలనే క్రీమ్ కేకులు, అలాంటి చిరుతిళ్ళే తిని 27 పౌండ్లు, అంటే 12 కిలోలు తగ్గి చూపించాడు. రోజుకి 1,800 కేలరీలు దాటలేదు, అంతే కిటుకు. ఇలా తినమని ఆయనే ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పను, రోజంతా తీపి తింటే కండరం, పీచు, విటమిన్లు ఏమైపోవాలి! కానీ తీపి తగిలితే బరువు తగ్గడం ఆగిపోతుందన్న భయం మాత్రం అక్కడితో పోవాలి. కొలత ఉంటే ఆగదు.

కొలత అంటే ఏంటో ఒక సున్నుండతో చూపిస్తాను. మధ్యరకం సున్నుండలో మినపపిండి 15 గ్రాములు, బెల్లమో పంచదారో 12 గ్రాములు, నెయ్యి 6 గ్రాములు ఉంటాయనుకోండి. మినుములకి 50, తీపికి 48, నెయ్యికి 54, మొత్తం సుమారు 150 కేలరీలు. బెల్లం అయితే మంచిది కదా అని అందరూ అడుగుతారు, రుచి వేరు గానీ వందగ్రాములకి పంచదార 400, బెల్లం 380 దగ్గర, బరువు విషయంలో తేడా ఏమీ లేనట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఏంటంటే తినే కేలరీల్లో కలిపిన తీపి పదిశాతం లోపు ఉండాలి, అయిదుశాతం లోపైతే ఇంకా మంచిది. మీకు రోజుకి 1,450 కేలరీలు సరిపోతాయని నా లెక్క (ఎందుకో కింద చెప్తాను), పదిశాతం అంటే 36 గ్రాములు, అయిదుశాతం అంటే 18. సున్నుండలో ఉన్నది 12. టీలో పంచదార మానేశానని రాశారు కాబట్టి రోజుకొకటి తిన్నా తక్కువ హద్దులోనే ఉంటారు.

ఆ 150 కేలరీలు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి అంటే మీ వంటింట్లో నూనె క్యాన్ దగ్గరికి వెళ్ళండి. మీరు మాత్రం నూనె మానేసి విడిగా ఉడకబెట్టుకుంటున్నారు, మిగతా ముగ్గురికీ మామూలు వంట, నిజానికి ఇదే ఎక్కువకాలం నడవదు, ఒకే ఇంట్లో రెండు వంటలు ఎన్నాళ్ళు చేస్తారు. నలుగురున్న ఇంట్లో నెలకి అయిదు లీటర్లు అయ్యే ఇళ్ళు నేను చాలా చూస్తాను. లీటరు నూనె సుమారు 910 గ్రాములు, మనిషికి రోజుకి 38 గ్రాములు పడుతుంది, అంటే 340 కేలరీలు, కంటికి కనిపించవు, తిన్నట్టు గుర్తు కూడా ఉండదు. అదే నెలకి మూడు లీటర్లతో వండితే మనిషికి 23 గ్రాములు, 205 కేలరీలు. తేడా 135. దాదాపు ఒక సున్నుండ! నెల మొదట్లో మూడు లీటర్లే కొని, క్యాన్ మీద పెన్నుతో వారం వారం గీతలు పెట్టుకోండి. పోపుకి గరిటెతో పొయ్యకుండా చెంచాతో కొలిచి వెయ్యండి. ఇంట్లో ఒకే వంట, మీకూ పిల్లలకీ అదే కూర.

క్లీన్ అన్న ముద్ర పడితే లెక్క చూడకుండా తినేయడం కూడా ఒక పెద్ద గోతి. బ్యాంకులో చేసే ఒకాయన నా దగ్గరికి వచ్చారు, మూడునెలలుగా ఒక్క గ్రాము కూడా కదలట్లేదు, పంచదార ముట్టను, మైదా ముట్టను, పొద్దున్నే నడుస్తాను, ఏం తేడా వచ్చిందో చెప్పండి అని. ఏం తింటున్నారో గంటసేపు అడిగాక బయటపడింది, పంచదార లేని డ్రైఫ్రూట్ లడ్డూలు, ఇంట్లో ఆవిడ ప్రేమగా చేసి డబ్బాలో పెడతారు, ఆఫీసుకి మూడు పట్టుకెళ్తారు. ఒక్కోదాంట్లో ఖర్జూరం 20 గ్రాములు, జీడిపప్పు బాదం కలిపి 15 గ్రాములు, చుట్టడానికి కాస్త నెయ్యి, మొత్తం 170 కేలరీలు పైనే. మూడింటికి 500 పైన. అది చెడ్డ తిండి అని నేను అనను, చాలా మంచి తిండి, కానీ మూడు లడ్డూలు అంటే ఒక పూట భోజనం. ఆయన ఒకటికి దిగారు, బరువు మళ్ళీ కదిలింది. మన దగ్గర ఉప్పు నూనె లేని వంటలు వచ్చాయి, కొబ్బరి నూనె డైట్ వచ్చింది, సిరిధాన్యాలు వచ్చాయి, వాటితో తగ్గినవాళ్ళు నిజంగానే ఉన్నారు. కొర్రలు కూడా వండనివి వందగ్రాములకి బియ్యంలాగే 330, 350 మధ్యలో ఉంటాయి, పీచు ఎక్కువ కాబట్టి కడుపు నిండుతుంది, అదే దాని లాభం, అంతేగానీ కొర్రన్నం కాబట్టి రెండు ప్లేట్లు తినొచ్చని కాదు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది చెప్తాను. మీరు రాసిన తిండంతా కూడితే రోజుకి 1,100 కేలరీలు కూడా రావట్లేదు. మీ బరువుకి, కూర్చుని చేసే ఉద్యోగానికి రోజుకి సుమారు 1,850 ఖర్చవుతుంది. 1,100 తింటే మొదట్లో బరువు చకచకా పడిపోతుంది, దాంట్లో కండరం కూడా పోతుంది, జుట్టు రాలుతుందని రాశారు కదా, అంత తక్కువ తిండి, తక్కువ ప్రొటీన్ దానికి ఒక కారణం కావచ్చు. ఎలాగూ అన్న మాటకి బలం వచ్చేది కూడా ఈ ఆకలి వల్లే. 1,450కి రండి. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం పెట్టుకోండి, అన్నం మానేసి బతకాల్సిన పనిలేదు. ప్రొటీన్ 70 గ్రాములకి తగ్గకూడదు: పొద్దున్న రెండు గుడ్లు పెసరట్టుతో, మధ్యాహ్నం గట్టి పప్పు, పెరుగు, రాత్రికి చేపో చికెనో పనీరో. మీరు ఒక్క పూట కూడా పప్పు గట్టిగా తినట్లేదు, చారులాగా పల్చగా తాగుతున్నారు. రోజుకి 400 లోటు అంటే వారానికి 350 గ్రాముల దగ్గర తగ్గుతారు. తక్కువ అనిపిస్తుందని తెలుసు, కానీ వచ్చే సంక్రాంతికి 60 దగ్గరికి తీసుకెళ్ళగలిగేది అదే వేగం.

వారానికి వచ్చే 10,000 కేలరీల్లో 1,000 మీ ఇష్టం. ఆ వెయ్యి రోజుకి 150 చొప్పున తింటారా, శనివారం రెస్టారెంట్‌లో ఒకేసారి ఖర్చు పెడతారా, పెళ్ళికి దాచుకుంటారా, అది మీరు ముందే అనుకోవాలి. ముందే అనుకోవడమే ఇక్కడ కీలకం. ఆదివారం సాయంత్రం కూర్చుని, ఈ వారం నాకు కావాల్సింది ఏది అని నిజంగా ఆలోచించండి. బుధవారం ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు కేకు మీకు అంత ఇష్టమా? కాకపోతే దానికెందుకు పోగొట్టుకోవాలి. గురువారం పూతరేకు కావాలంటే గురువారం పూతరేకే తినండి, మంచిది, నెయ్యి వాసన వచ్చేది తినండి.

తినేటప్పుడు భోజనం అయ్యాక, ప్లేట్‌లో పెట్టుకుని, కూర్చుని. డబ్బా బల్ల మీదకి రాకూడదు, ఒక్కటే తీసి మూత పెట్టి లోపల పెట్టేసి రండి. అరటాకులో మన వడ్డన గుర్తు తెచ్చుకోండి, బూరె, పులిహోర, కూర, పప్పు అన్నీ ఒక్క ఆకులోనే, తీపి భోజనంలో ఒక భాగం, దానికో మూల ఉంది. ఇప్పుడు మనం దాన్ని భోజనంలోంచి తీసేసి ఫ్రిజ్ తలుపు దగ్గర నిలబడి, ఫోన్ చూస్తూ, సాయంత్రం ఆరింటి ఆకలి మీద తింటున్నాం. ఖాళీ కడుపు మీద తీపి ముట్టుకుంటే ఒకటితో ఆగడం చాలా కష్టం, మీ మొదటి అరిసె కూడా బస్సు దిగి వచ్చి ఏమీ తినకుండా తిన్నదే అని మీరే రాశారు.

అందరికీ ఇది కుదరదని కూడా చెప్పాలి. నా దగ్గరికి వచ్చే ఒక టీచరమ్మకి మైసూర్‌పాక్ ఇంట్లో ఉంటే నిద్ర పట్టదు, పావుకిలో అయ్యేదాకా లేచి లేచి తింటారు. ఆవిడకి మితం అన్న సలహా పనిచెయ్యలేదు, ఏడాదిపాటు ఇద్దరం ప్రయత్నించాం. చివరికి ఇంట్లోకి రానివ్వకూడదు, నెలకి రెండుసార్లు షాపు దగ్గరే నిలబడి ఒక్క ముక్క కొనుక్కుని తిని వచ్చేయాలి అని పెట్టుకున్నారు. మిగతా స్వీట్లతో ఆవిడకి ఏ ఇబ్బందీ లేదు, సున్నుండ డబ్బాలో నెలరోజులున్నా పట్టించుకోరు. మీకూ అలాంటివి ఒకటో రెండో ఉంటాయి. మీరు రాసినదాన్ని బట్టి ఆ రాత్రిపూట క్రీమ్ బిస్కెట్లు అనుకుంటున్నాను. అలాంటివి కొనడం మానేయండి, మిగతా వాటిమీద నిషేధం ఎత్తేయండి.

షుగర్ ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు, గర్భిణులు ఈ లెక్కలు వాళ్ళ డాక్టర్‌ని అడిగే మార్చుకోవాలి. మీకు థైరాయిడ్ టెస్ట్ చేయించి ఏడాది దాటిందన్నారు, జుట్టు కూడా రాలుతోంది కాబట్టి అదీ, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే టెస్ట్) కూడా ఈ నెలలో చేయించండి. ఇంకొకటి కూడా అడగాలి, మీరు రాయలేదు కానీ అడుగుతున్నాను. ఎవరికీ తెలియకుండా దాచుకుని తినడం, తిన్నాక కావాలని వాంతి చేసుకోవడం, రెండురోజులు పస్తులుండడం లాంటివి ఉంటే అది డైట్ సమస్య కాదు, సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవాలి, దానికి వైద్యం ఉంది, సిగ్గుపడాల్సిన పని ఎంతమాత్రం లేదు.

చివరగా అమ్మగారు కట్టిచ్చిన అరిసెల డబ్బా. ఇంకా ఇరవైదాకా ఉన్నాయి, పనమ్మాయికి ఇచ్చేయనా, పారేయనా అని అడిగారు. పారేయకండి, ఆవిడ రెండురోజులు పాకం పట్టి చేసినవి. పదిహేను పక్కవాళ్ళకీ, పనమ్మాయికీ పంచండి. అయిదు ఉంచుకోండి, ఈ వారం రెండు, వచ్చే వారం మూడు, మధ్యాహ్నం భోజనం అయ్యాక. రేపు పొద్దున మిషన్ ఎక్కొద్దు, పదిరోజులాగి ఎక్కండి. రేపు పొద్దున టిఫిన్‌కి పెసరట్టు, రెండు గుడ్లు. ఈ రాత్రికే పెసలు నానబెట్టుకోండి.